నౌరు రేవు ఫైలు: దీవి దేశంతో అభివృద్ధి బ్యాంకు పెట్టుకున్న ఒప్పందాన్ని చదివే పద్ధతి

ఫలానా దీవి దేశానికి అభివృద్ధి బ్యాంకు ఇన్ని కోట్ల డాలర్లు ఇస్తోందని పత్రికలో ఒక పేరా వస్తుంది. పక్కన ఇద్దరు సంతకాలు పెడుతున్న ఫొటో ఉంటుంది. పని తెలుసుకోవాలనుకునేవాడికి ఆ పేరాలో దొరికేది దేశం పేరు ఒక్కటే. ఆ డబ్బు అప్పా, తిరిగి కట్టక్కర్లేనిదా? ఇంకెవరు చేయి కలిపారు? పని ఎవరు చేయిస్తారు, పూర్తయ్యాక ఎవరు నడుపుతారు? ఈ ప్రశ్నలకు జవాబులన్నీ బ్యాంకే తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎవరైనా చదవవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలియకే చాలామంది మొదటి పత్రం దగ్గరే విసిగిపోతారు.

నేను కాకినాడ యాంకరేజ్ రేవులో బార్జీల (సరుకు మోసే చదును పడవల) లెక్కలు రాస్తూ మొదలుపెట్టి, టెండరు పత్రాల పనిలో స్థిరపడ్డవాణ్ణి. సివిల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు, చిన్న కన్సల్టెన్సీలు నడిపేవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి, నా పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు తీసుకున్నది పసిఫిక్ సముద్రంలోని నౌరు, అక్కడ ఆసియా అభివృద్ధి బ్యాంకు చేపట్టిన ఐవో రేవు పని. రేవు కాబట్టి నాకు చేతికి అందుతుంది. మీకు సోలార్ తెలిస్తే సోలార్ ఫైలు తీసుకోండి. తెలిసిన పనితో మొదలుపెట్టినవాడికే కాగితంలో ఏది రాశారో, ఏది రాయలేదో కనిపిస్తుంది.

బ్యాంకు కంటే ముందు దేశం

నౌరు విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు పన్నెండు వేలు. అధికారిక రాజధాని లేదు; ప్రభుత్వ కార్యాలయాలు యారెన్ జిల్లాలో ఉంటాయి. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. నేలలోని ఫాస్ఫేట్ తవ్వి అమ్ముకున్న రోజుల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో నిలిచింది. ఆ సొమ్ముతో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు. ఫాస్ఫేట్ అడుగంటింది, పెట్టుబడులు కరిగిపోయాయి, అప్పులవాళ్ళు వెంటపడ్డారు. 2004లో ఆ భవనాన్ని అమ్మేశారు. ఆ తర్వాత దేశంలో ఉన్న ఒక్క బ్యాంకూ మూతపడింది. 2015లో ఆస్ట్రేలియాకు చెందిన బెండిగో బ్యాంకు ఏజెన్సీ తెరిచేదాకా జనం నోట్ల కట్టలతోనే గడిపారు.

ఈ కథ తెలియకుండా ఒప్పందం చదివితే కొన్ని షరతులు అవమానకరంగా కనిపిస్తాయి. రేవు సంస్థ ఏటా ఆడిట్ చేయించాలి, ఛార్జీలు ఖర్చుకు తగినట్టు ఉండాలి, బోర్డు ఇలా ఉండాలి అంటూ బ్యాంకు ఎందుకు అంత పట్టుగా రాస్తుందో నౌరు హౌస్ చరిత్ర చదివాక వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఏ దీవి అయినా సరే, దాని డబ్బు ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నది ముందు తెలుసుకోండి. దీవుల్లో ఆదాయ మార్గాలు రెండో మూడో ఉంటాయి కాబట్టి ఇది పెద్ద పని కాదు. నౌరుకు ఇప్పుడు ముఖ్యమైనవి ట్యూనా చేపలు పట్టే విదేశీ పడవల నుంచి వచ్చే రుసుము, శరణార్థుల కేంద్రం పేరిట ఆస్ట్రేలియా నుంచి వచ్చే సొమ్ము. రెండిటి పగ్గాలూ సగం ఇతరుల చేతుల్లోనే ఉన్నాయి.

బ్యాంకు గురించి కొంచెం చాలు. ఆసియా అభివృద్ధి బ్యాంకు 1966లో పుట్టింది, కేంద్రం మనీలా. సభ్యదేశాలు 69. నౌరు 1991లో చేరింది. షేర్లలో దాని వాటా లెక్కలోకి రానంత చిన్నది. అయితే మొత్తం ఓట్లలో 20 శాతాన్ని సభ్యులందరికీ సమానంగా పంచాలని బ్యాంకు ఒడంబడికలోనే ఉంది. కాబట్టి ఎంత చిన్న దేశానికైనా దాదాపు 0.3 శాతం ఓటు దక్కుతుంది. బోర్డులో ఉండేది 12 మంది డైరెక్టర్లు; నౌరు తరఫున మాట్లాడేది ఆస్ట్రేలియా నాయకత్వంలోని బృందం నుంచి వెళ్ళిన డైరెక్టరు. రేవు పనిలో డబ్బు పెట్టినవాళ్ళలో ఆస్ట్రేలియా కూడా ఉందని తర్వాత చూస్తాం, అప్పటికి ఈ సంగతి గుర్తుంచుకోండి.

వ్యూహపత్రం చివర చదవండి

కొత్తవాళ్ళు అందరూ "దేశ భాగస్వామ్య వ్యూహం" అనే పత్రంతో మొదలుపెడతారు. పెద్ద దేశాలకు అది విడిగా ఉంటుంది, అయిదేళ్ళకోసారి వస్తుంది. నౌరుకు వెతికితే విడిగా దొరకదు. నౌరు, తువాలు, కిరిబాతి, సమోవా, టోంగా వంటి 12 చిన్న పసిఫిక్ దేశాలకు కలిపి 2021–2025 కాలానికి "పసిఫిక్ అప్రోచ్" అనే ఒకే పత్రం రాశారు. ఫిజి, పపువా న్యూగినీ, తైమూర్ లెస్తెలకు మాత్రం వేర్వేరుగా ఉన్నాయి. పన్నెండు దేశాలకు ఒకటే పత్రమంటే మాటలు ఎంత సాధారణంగా ఉంటాయో ఊహించుకోవచ్చు. దాన్ని పక్కన పెట్టండి. అసలు పని తెలిశాక చదివితే, అందులోని ఏ వాక్యం దేని కోసం రాశారో అర్థమవుతుంది.

మొదలుపెట్టాల్సింది ప్రాజెక్టు నంబరుతో. నౌరు రేవుది 48480-003. మొదటి అయిదంకెలు ప్రాజెక్టువి, చివరి మూడూ దానిలోని దశను చెబుతాయి. వెతికేటప్పుడు అయిదంకెలు మాత్రమే కొట్టండి. అప్పుడు అసలు గ్రాంటుతో పాటు, అంతకు ముందు సర్వేలకూ డిజైన్‌కూ ఇచ్చిన సాంకేతిక సహాయం కాగితాలు కూడా బయటపడతాయి. సర్వే నివేదికల్లో ఉన్నంత నిజాయితీ తుది నివేదికల్లో ఉండదు. ఆ రాసిన ఇంజనీరుకు అప్పటికి ఎవరినీ ఒప్పించాల్సిన అవసరం ఉండదు కదా.

ప్రాజెక్టు పేరు మరీ పొడుగు, సస్టెయినబుల్ అండ్ క్లైమేట్ రెసిలియెంట్ కనెక్టివిటీ అని. ఇందులో రేవు అన్న మాటే లేదు. పేరు చూసి వెతికితే దొరకదు, నంబరు చూసి వెతికితే దొరుకుతుంది.

డబ్బు లెక్క

2017లో బోర్డు ఆమోదించినప్పుడు బ్యాంకు వాటా 2.13 కోట్ల డాలర్లు. అంతా గ్రాంటే, అప్పు కాదు. ఆసియా అభివృద్ధి నిధి అనే ప్రత్యేక ఖాతా నుంచి వస్తుంది. దాతల దేశాలు నింపే నిధి అది, భారతదేశం కూడా అందులో డబ్బు వేస్తుంది. ఏ దేశానికి గ్రాంటు, ఏ దేశానికి తక్కువ వడ్డీ అప్పు అన్నది బ్యాంకు ఇష్టాన్ని బట్టి తేలదు. అప్పు తీర్చలేని స్థితి ఎంత దగ్గరలో ఉందన్న అంచనాను బట్టి తేలుతుంది. దీవి దేశాలకు ఆ అంచనా తరచుగా ఎర్రగీత మీదే ఉంటుంది.

మిగతా డబ్బు ఎవరిది? దక్షిణ కొరియాలో కేంద్రం ఉన్న గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2.69 కోట్ల డాలర్లు ఇచ్చింది. అంటే వార్తలో బ్యాంకు పేరు ముందున్నా, ఎక్కువ ఇచ్చింది వాతావరణ నిధి. ఆస్ట్రేలియా, నౌరు ప్రభుత్వం కూడా కలిశాయి. మొదటి అంచనా 6.5 కోట్ల డాలర్ల చిల్లర. తర్వాత అది సుమారు 8 కోట్లకు పెరిగింది.

ఇక్కడ ఒక కిటుకు. వాతావరణ నిధి దగ్గర ఇదే ప్రాజెక్టుకు ఎఫ్‌పి 052 అనే నంబరుతో వేరే ఫైలు ఉంది. రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరవండి. బ్యాంకు ఫైలులో రేవు ఎందుకంటే ఓడల నిరీక్షణ, సరుకు ఖర్చు, వ్యాపారం అని ఉంటుంది. నిధి ఫైలులో అదే రేవు ఎందుకంటే అలలు, సముద్రమట్టం, వాతావరణ మార్పు అని ఉంటుంది. రెండూ నిజమే. డబ్బిచ్చేవాడు ఏ కారణానికి డబ్బివ్వగలడో ఆ కారణం ముందు రాస్తారు. రెండు ఫైళ్ళలోనూ మారకుండా ఉన్నవి ఏవో పెన్సిలుతో గుర్తుపెట్టండి. ఆ పని నిజంగా ఎందుకు కావాలో వాటిలో తెలుస్తుంది.

తలసరి లెక్క కట్టి కోప్పడకండి. బ్యాంకు గ్రాంటు ఒక్కటే మనిషికి పదిహేడు వందల డాలర్లు దాటుతుంది, మన ఊళ్ళలో ఎవరికీ అంత రాదు. కానీ కంటైనరు ఓడ ఆగే ప్లాట్‌ఫారం పన్నెండు వేల మందికైనా పన్నెండు లక్షల మందికైనా అంతే పొడవు ఉండాలి, ఓడ చిన్నది కాదు కదా. దీవి దేశాలకు ఏ పనీ చవగ్గా జరగకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం దూరం.

సముద్రం ఏమంటుంది

కాకినాడలో పెద్ద ఓడలు ఉప్పుటేరులోకి రావు, సముద్రంలోనే లంగరు వేస్తాయి. బియ్యం బస్తాలు బార్జీల్లో వెళ్ళి అక్కడ ఓడకెక్కుతాయి. హోప్ ఐలండ్ అడ్డుగా ఉండటం వల్ల లంగరు దగ్గర అలల జోరు తగ్గుతుంది కాబట్టి ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. నౌరులోనూ ఇదే పద్ధతి ఉండేది, కానీ అడ్డుగా ఏమీ లేదు. దీవి చుట్టూ సన్నటి పగడపు దిబ్బ, అది దాటగానే లోతు అమాంతం పెరిగిపోతుంది. లంగరు అందదు. అందుకే ఓడను లోతు సముద్రంలో బిగించిన బోయాలకు (నీటి మీద తేలే పీపాలకు) కట్టేవారు. ఓడ మీది క్రేను కంటైనరును బార్జిలోకి దించితే, చిన్న పడవ దాన్ని ఐవో పడవల రేవుకు లాక్కొచ్చేది, అక్కడ మరో క్రేను పైకి లేపేది. బార్జి మీద ఊగుతున్న కంటైనరుకు కొక్కెం తగిలించే మనిషి పరిస్థితి ఏమిటో బార్జీల మీద పనిచేసినవాడికి చెప్పనక్కర్లేదు.

ఐవో దీవికి నైరుతి వైపు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు ఆ వైపు నీళ్ళు శాంతంగా ఉంటాయి. నవంబరు తర్వాత పడమటి గాలులు తిరిగితే అదే వైపు అల్లకల్లోలం. ఓడ వచ్చి నిలబడేది, బార్జి కదిలేది కాదు, డెమరేజి (ఓడ ఆలస్యానికి కట్టే రుసుము) మాత్రం కదిలేది. బియ్యం, మందులు, డీజిల్ అన్నీ బయటి నుంచే రావాల్సిన దేశంలో ఆ రోజుల ఖరీదు దుకాణంలో జనమే కట్టేవారు.

కాబట్టి సాంకేతిక పత్రాల్లో నేను ముందు వెతికేవి: అలల కొలతలు ఎన్ని నెలలవి, అందులో పడమటి గాలుల కాలం ఉందా? ప్లాట్‌ఫారం ముందు తవ్వే చోట పగడాలను ఏం చేస్తారు? రాయి, ఇసుక ఎక్కడి నుంచి వస్తాయి? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. దీవిలో ఇసుక తీస్తే ఒడ్డే పోతుంది, బయటి నుంచి తెస్తే ఓడ కిరాయి. అంచనా పెరిగిందంటే ముందు ఈ పద్దు తిరగేయండి. ఈ ప్రాజెక్టు నాటి పర్యావరణ పత్రాలకు ఏ, బి, సి అని వర్గాలుండేవి. ఏ అంటే హాని ఎక్కువ, పూర్తి అధ్యయనం ఉండి తీరాలి. పత్రం దొరక్కపోతే ముందు వర్గం చూడండి, సి అయితే అసలు ఉండకపోవచ్చు.

మనుషులు ఎవరు

నా దృష్టిలో ఫైలు మొత్తంలో విలువైనది ప్రాజెక్ట్ అడ్మినిస్ట్రేషన్ మాన్యువల్. వాడుకలో పామ్ అంటారు. అధ్యక్షుడు బోర్డుకు పంపే సిఫారసు నివేదిక చదవడానికి బాగుంటుంది కానీ అది ఒప్పించడానికి రాసింది. పామ్ పని చేయించడానికి రాసింది. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోతుంది, బిల్లు మీద ఎవరి సంతకం ఉండాలి, ఎన్ని టెండర్లు, ఏ నెలలో, ఏ షరతు ఎప్పటికి నెరవేర్చాలి, అన్నీ అందులో ఉంటాయి.

అందులోని ఉద్యోగుల పట్టిక దగ్గర ఆగండి. పన్నెండు వేల మంది ఉన్న దేశంలో ఆర్థిక శాఖలో కూర్చునే అధికారే ఈ బ్యాంకు గ్రాంటుకూ, ఇంకో సంస్థ రోడ్డుకూ, మరో దేశం ఇచ్చే ఆసుపత్రికీ కాగితాలు చూస్తాడు. ప్రతి సంస్థ నుంచీ ఏడాదికి కొన్ని బృందాలు వస్తాయి, ప్రతి బృందం ఆయన్నే కలుస్తుంది. భాగస్వామ్యం అని పెద్ద మాట వాడతారు కానీ ఒక పక్క మనీలాలోని వేలమంది, ఇంకో పక్క వేళ్ళ మీద లెక్కపెట్టగల అధికారులు. ఆ భారం తగ్గించడానికి కొన్ని పసిఫిక్ దేశాల్లో ఆసియా అభివృద్ధి బ్యాంకు, ప్రపంచ బ్యాంకు ఒకే కార్యాలయం పంచుకుంటున్నాయి. అది మంచి పనే. అయితే ప్రాజెక్టు నిర్వహణ విభాగంలో విదేశీ కన్సల్టెంట్లు ఎంతమంది, స్థానికులు ఎంతమంది, కన్సల్టెంటు వెళ్ళిపోయాక ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు అన్నది పట్టికలో చూడండి. జవాబు లేకపోతే పని పూర్తయిన రోజు నుంచే ఇబ్బంది మొదలవుతుంది.

ఒక అంకె, రెండు అర్థాలు

సోలార్ వాళ్ళ కోసం ఒక చిన్న ఉదాహరణ. 2019లో నౌరుకు బ్యాంకు 2.2 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది, 6 మెగావాట్ల సౌరకేంద్రానికి. దానితో పాటు 5 మెగావాట్లు, 2.5 మెగావాట్ అవర్ల బ్యాటరీ. వార్త చదివినవాళ్ళు రాత్రంతా బ్యాటరీ మీద దీపాలు వెలుగుతాయనుకుంటారు. మొదటి అంకె ఒక్కసారిగా ఇవ్వగల కరెంటు, రెండోది నిల్వ. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి, పూర్తి జోరుతో నడిపితే అర గంట. మబ్బు పట్టినప్పుడు కరెంటు కుప్పకూలకుండా, డీజిల్ ఇంజన్లు అందుకునేదాకా నిలబెట్టడం దాని పని. ఆ పనికి అది సరైన బ్యాటరీయే, రాత్రికి కాదు. అదే ఏడాది తువాలుకు ఇచ్చిన 60 లక్షల డాలర్ల గ్రాంటులో రాజధాని ఫునాఫుటి బ్యాటరీ 1 మెగావాట్, 2 మెగావాట్ అవర్లు, అంటే రెండు గంటలు. రెండు దీవులు, ఒకే బ్యాంకు, ఒకే పేరున్న యంత్రం, కానీ పనులు వేరు. యూనిట్లు చూడకుండా ఏ అంకెనూ కాపీ చేసుకోవద్దు.

పని కావాలంటే

భారతదేశం ఈ బ్యాంకు వ్యవస్థాపక సభ్యదేశం, మనవాళ్ళకు అర్హత ఉంది. పెద్ద కాంట్రాక్టులు పెద్ద సంస్థలకే పోతాయి. నౌరు రేవు నిర్మాణం చైనా హార్బర్ ఇంజనీరింగ్ కంపెనీకి దక్కింది. డ్రెడ్జర్ (సముద్రం అడుగు తవ్వే ఓడ), పైలింగ్ బార్జి (స్తంభాలు దిగగొట్టేది) తోలుకుని పసిఫిక్ మధ్యకు వెళ్ళగలవాళ్ళు ఎందరుంటారు? పోటీ పలచగా ఉంటుంది, ధర దాన్ని బట్టే ఉంటుంది.

వ్యక్తులకు దారి వేరు. బ్యాంకు కన్సల్టెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో మీ పేరు నమోదు చేసుకోండి. కన్సల్టెంట్ల కోసం ప్రకటనలు అక్కడే వస్తాయి, ఆసక్తి తెలుపుతూ దరఖాస్తు అక్కడే పెట్టాలి. నమోదుకు రుసుము లేదు. "మనీలాలో మనవాడున్నాడు, రిజిస్ట్రేషన్‌కు ఇంత" అని ఎవరైనా అడిగితే అది మోసమే. రేవు పని అనగానే డిజైన్ ఇంజనీర్లే కావాలనుకోకండి. టెండరు పరిశీలన, పరిమాణాల లెక్క, క్లెయిముల పరిష్కారం, రేవు ఛార్జీల నిర్ణయం, ఆడిట్, పునరావాసం, భద్రత ఇవన్నీ విడివిడి పదవులు. బయోడేటాలో "విస్తృత అనుభవం" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ఏ రేవు, ఎన్ని మీటర్ల ప్లాట్‌ఫారం, కాంట్రాక్టు విలువ, అందులో మీ సంతకం ఏ కాగితం మీద ఉంది, అది రాయండి. దీవుల్లో పని అనుభవం లేకపోతే లేదనే రాయండి. తుపాను కాలంలో ఏటిమొగ వద్ద పని నడిపి ఉంటే మాత్రం దాన్ని మొదటి పేజీలో పెట్టండి. అక్కడివాళ్ళు వెతికేది అలాంటి మనిషినే.

పూర్తయ్యాక

రిబ్బను కత్తిరించిన ఫొటో వచ్చాక ఫైలు మూసేస్తారు చాలామంది. నేను అప్పుడే మళ్ళీ తెరుస్తాను. కట్టడం కంటే నడపడం కష్టం. ఉప్పుగాలికి క్రేను తుప్పు పడుతుంది, విడిభాగం సముద్రం దాటి రావాలి. నిర్వహణ ఖర్చు ఎవరు కడతారు, రేవు ఛార్జీల నుంచా, బడ్జెట్ నుంచా అన్నది మొదట ఏం రాశారో, చివరికి ఏం జరిగిందో పోల్చాలి. అందుకు ప్రాజెక్టు పూర్తి నివేదిక వస్తుంది. అది బ్యాంకు సిబ్బంది రాసేది. దాన్ని బ్యాంకులోనే ఉన్న స్వతంత్ర మూల్యాంకన విభాగం మళ్ళీ పరిశీలించి మార్కు వేస్తుంది: విజయవంతం, అంతకంటే తక్కువ, విఫలం అని. మొదటివారు వేసిన మార్కును రెండోవారు తగ్గించిన సందర్భాలుంటాయి. ఆ తగ్గించిన కారణం రాసిన పేరా ఒక్కటే చదివినా చాలా నేర్చుకోవచ్చు, చాలాసార్లు అక్కడ నిర్వహణ అన్న మాటే కనిపిస్తుంది. ఏటా వచ్చే ఆడిట్ నివేదికలు కూడా పెడతారు. అవి ఆలస్యమైతే, ఎన్ని నెలలు ఆలస్యమయ్యాయో రాసుకోండి. ఉద్యోగుల పట్టికలో ఖాళీ కుర్చీ సంగతి అక్కడ బయటపడుతుంది. కావలసిన పత్రం సైటులో లేకపోతే సమాచార విధానం కింద అడిగే ఫారం ఉంది, ప్రాజెక్టు నంబరు, పత్రం పేరు, సంవత్సరం రాసి పంపండి. కారణం చెప్పనక్కర్లేదు.

నౌరు అయ్యాక సాధనకు తువాలు ఔటర్ ఐలండ్ మారిటైమ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్రాజెక్టు తీసుకోండి. 2016లో నుకులయెలయె దీవితో మొదలైంది, తర్వాత నియుతావో చేరింది. అక్కడ కంటైనర్లు లేవు, క్రేన్లు లేవు. ఓడ దిగి చిన్న పడవలో పగడపు దిబ్బ దాటాల్సింది ముసలివాళ్ళు, గర్భిణులు, బడిపిల్లలు. సాధారణంగా ఈ బ్యాంకు పెట్టుబడి మీద ఏటా 9 శాతం ఆర్థిక ప్రయోజనం చూపించమంటుంది. కొన్ని వందల మంది ఉండే దీవిలో ఆ లెక్కను ఎక్కడి నుంచి, దేన్ని ప్రయోజనంగా కట్టి తెచ్చారో, ఆ అనుబంధం ముందు తెరవండి.